పదమూడో లోహం

1,611వ రోజు

పొద్దున్నే మదుము దగ్గర నీళ్ళు పట్టి మూడు పరీక్ష గొట్టాల్లో పోశాను. రెండు సొరంగాల నీళ్ళూ కలిసి కిందికి దిగే తూము ఇదే. మొదటి గొట్టంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేశాను. తెల్లగా విరగలేదు. అంటే సీసం లేదు, వెండి లేదు. రెండోదానిలోకి కుళ్ళిన గుడ్డు వాసన కొట్టే వాయువు పంపాను. నలుపు లేదు, పసుపు లేదు. మూడోదానిలో అమ్మోనియా. నీలం తిరగలేదు కాబట్టి రాగి లేదు. గొట్టాలు కడిగి బోర్లించి, పుస్తకంలో ‘శుద్ధం’ అని రాసి సంతకం పెట్టాను.

గోడకి బిగించిన యంత్రపు కన్ను కూడా అదే చెప్పింది. పన్నెండు లోహాలకి పన్నెండు సున్నాలు. ఈ కన్ను వచ్చాక చేత్తో పరీక్షలు చేసేవాళ్ళు కొండల మీద నేనొక్కదాన్నే మిగిలాను. ‘మూలం వద్ద ఒక మనిషి ఉండవలెను’ అని నియమావళిలో ఉన్న వాక్యాన్ని ఎవరూ కొట్టెయ్యలేదు కనక ఉన్నాను. నా రాతలు ఎవరైనా చదువుతారా అంటే, లేదు.

సోలార్ పలకల మీద పేరుకున్న ఉప్పు తుడిచాను. ఇక్కణ్ణించి సముద్రం దగ్గరగానే కనిపిస్తుంది. మునిగిన పట్నం తాలూకు నీళ్ళ ట్యాంకుల నెత్తులు నాలుగు బయట ఉన్నాయి. నేను వచ్చిన కొత్తలో ఆరు ఉండేవి. ఆ పట్నంలో కాలేజీ లాబ్‌లో అటెండరుగా పిల్లల గొట్టాలు కడిగేదాన్ని. కడుగుతూ, చూస్తూ నేర్చుకున్నదే ఈ విద్యంతా.

ఎనిమిదింటికి తీగ ఫోను మోగింది. ఉపగ్రహాలు పోయాక కొండల్లో ఇదే ఆధారం. కింద మెరకవలసలో తొమ్మిది వేల మందికి నీళ్ళు వదిలే మనిషి నూకాలు. నాలుగున్నరేళ్ళుగా రోజూ మాట్లాడుతున్నాం, నన్ను అప్పా అని, అంటే అక్కా అని పిలుస్తుంది గాని ఒకరి మొహం ఒకరం చూడలేదు. పైకి రావాలంటే రెండు రోజుల నడక. బియ్యం, మందులు, సీసాలు అన్నీ రోప్‌వే బుట్టలోనే వస్తాయి.

“అప్పా, శుద్ధమేనా?”

“శుద్ధమే.”

“అయితే తాగీస్తన్నాను.”

వాల్వు తిప్పే ముందు వరసలో నిలబడ్డ జనం చూస్తుండగా ఆమె ఒక గ్లాసు తాగాలి. అక్కడి ఆచారం అది. గుటకలు నాకు వినపడతాయి. తాగాక, “ఏటో గాని, వారం నించి అరికాళ్ళు మండిపోతన్నాయప్పా. నిప్పుల మీద నడిసినట్టు ఉంటంది,” అంది.

“ఎండలు కదా. చెప్పులు వేసుకో.”

“ఏసుకునే ఉన్నాను.”

మే నెల ఎండలు. రెండో సొరంగం తెరిచి ఇవాళ్టికి ఇరవై ఆరు రోజులు. ఊట సన్నబడిందని ఊరి నీళ్ళ కమిటీవాళ్ళు ఆ పాత గని సొరంగాన్ని కలిపించారు. కలిపేముందు పరీక్ష చేసి సంతకం పెట్టింది నేనే.

1,616వ రోజు

ఫోనులో నూకాలు నవ్వుతూ మొదలుపెట్టింది. “దువ్వుకుంటే దువ్వెన నిండా జుట్టు వొచ్చీసింది. ముసిల్దాన్నైపోతన్నానేటప్పా? ముప్పై నాలుగే గదా నాకు.”

“నీ ఒక్కదానికేనా?”

“పక్కింటి గుంటకీ ఊడిపోతంది. దానికి తొమ్మిదేళ్ళు. మా వీధిలో నలుగురైదుగురు అంటన్నారు. వేడి సేసిందని తలకి మెంతులు రుబ్బి పెట్టుకుంటన్నాం.”

నేను నవ్వలేకపోయాను. ఇవాళ అన్ని పరీక్షలూ రెండుసార్లు చేశాను. రెండుసార్లూ నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. కన్ను పన్నెండు సున్నాలు చూపించింది.

గదిలో చిన్న అద్దం ఉంది. చాలా రోజుల తరవాత దాని ముందు కూర్చుని జుట్టు గట్టిగా లాగి చూసుకున్నాను. ఒక్క వెంట్రుక రాలేదు. నా గది మదుము కన్నా పైన. నేను తాగేది డాబా మీద పడిన వాన నీళ్ళు, తొట్టిలో దాచుకున్నవి. నాలుగున్నరేళ్ళుగా శుద్ధమని సంతకం పెడుతున్న నీళ్ళని నేను ఏ రోజూ తాగలేదు. ఈ సంగతి ఇవాళే తట్టింది.

1,619వ రోజు

ఉన్న విషం పలచగా ఉంటే గొట్టంలో కనపడదు. కాబట్టి రెండో సొరంగం నోటి దగ్గర ఇరవై లీటర్లు పట్టి పెద్ద గుండిగలో మరిగించాను. మొదటి సొరంగం నీళ్ళు ఇంకో గిన్నెలో, వాన నీళ్ళు మరో గిన్నెలో. మూడూ ఒక్కో గ్లాసుకి దిగేసరికి రెండు రోజులు పట్టింది, కట్టెలన్నీ అయిపోయాయి.

మొదటి సొరంగం గ్లాసులో పొటాషియం అయొడైడ్ వేశాను. ఏమీ లేదు. వాన నీళ్ళలోనూ లేదు. రెండో సొరంగం నీళ్ళలో వెయ్యగానే పసుపు మబ్బు కమ్మింది.

పసుపంటే సీసం. కాలేజీలో పిల్లలు ఎగిరి గంతేసే పరీక్ష అది. అయితే సీసమైతే కన్ను ఎందుకు పట్టుకోలేదు? పన్నెండింట్లో మొదటిదే అది. సరిచూసుకుందామని ఇంకో గొట్టంలో సల్ఫ్యూరిక్ ఆమ్లం వేశాను. సీసం ఉంటే సున్నంలా తెల్లగా దిగాలి. గంటసేపు చూశాను. దిగలేదు.

పసుపు గొట్టాన్ని వేడి చేశాను. సీసపు పసుపైతే మరుగుతుంటే కరిగి, చల్లారాక బంగారు రేకుల్లా మెరుస్తూ తిరిగి వస్తుంది. ఇది సరిగ్గా కరగలేదు, మెరవలేదు. బురదలాగే అడుగున కూర్చుంది.

సీసంలా కనిపిస్తోంది గాని సీసం కాదు. ఈ కొండ మీదికి వచ్చాక నాకు తెలియనిది నా గొట్టంలోకి రావడం ఇదే మొదటిసారి. ఎవరినైనా అడగాలనిపించింది. అడగడానికి ఎవరున్నారు?

1,620వ రోజు

తలుపు మూసి, కిటికీకి దుప్పటి కట్టి గది చీకటి చేశాను. ప్లాటినం తీగని ఆమ్లంలో ముంచి, మంటలో కాల్చి శుభ్రం చేసి, ఆ నీళ్ళ మడ్డిలో అద్ది మంటకి పెట్టాను. ముందు ఉప్పు వల్ల వచ్చే పసుపు లేచింది. దాని వెనకాలే ఆకుపచ్చ. అప్పుడే విచ్చిన చిగురు రంగు. రెప్పపాటు వెలిగి పోయింది. మళ్ళీ అద్దాను. మళ్ళీ అదే ఆకుపచ్చ.

రాగి కూడా పచ్చగా మండుతుంది. అయితే అమ్మోనియాలో నీలం రావాలి, రాలేదు. బేరియం కూడా పచ్చగా మండుతుంది. అయితే సల్ఫ్యూరిక్ ఆమ్లంలో తెల్లగా దిగాలి, దిగలేదు. కాలేజీ మునిగిపోతున్నప్పుడు నేను ఎత్తుకొచ్చిన పుస్తకం ఒకటే, దాని చివరి పేజీల్లో అరుదైన లోహాల పట్టీ ఉంది. థాలియం. ఆ పేరుకే లేత చిగురని అర్థమట. రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. గంధకం ఉన్న ఇనుప రాళ్ళలో ఉంటుంది. అరికాళ్ళ మంటలు. రెండు మూడు వారాలకి జుట్టు రాలడం. ఆ తరవాతి వాక్యం చదివి పుస్తకం మూసేశాను.

కన్నుకి నేర్పింది పన్నెండే. ఇది పదమూడోది.

కమిటీ పెద్ద గౌరీశం గారికి ఫోను చేశాను. ఆయన అంతా విన్నాడు.

“పారమ్మా, కన్ను సున్నాలు చూపిస్తంది గదా?”

“దానికి ఈ లోహం తెలీదు బాబూ. తెలీని దాన్ని అదెలా చూపిస్తుంది?”

“నీ ఒక్కదాని మాట మీద రెండో సొరంగం మూసెయ్యమంటావు. మే నెల్లో సగం నీళ్ళు. తొమ్మిది వేల మందికి ఏటి సెప్పమంటావు నన్ను? కిందటి మాఘంలో కలపొచ్చని నువ్వే గదా సంతకం పెట్టావు?”

“పెట్టాను. తప్పుగా పెట్టాను.”

“కమిటీలో మాటాడాలి. అందాకా ముట్టుకోకు.”

ఫోను పెట్టేసి గేటు దగ్గరికి వెళ్ళాను. తుప్పు పట్టిన చక్రం. గడ్డపార అడ్డం పెట్టి తిప్పితే మధ్యాహ్నానికి రెండో సొరంగం మూసుకుంది. నీళ్ళ చప్పుడు ఆగిపోయాక కొండంతా బిగుసుకుపోయినట్టు అనిపించింది. మదుము తొట్టినీ, కిందికి పోయే గొట్టాన్నీ మొదటి సొరంగం నీళ్ళతో కడిగాను.

అప్పుడు నూకాలుకి చేశాను. “కింద మీ తొట్టిలో ఉన్నది ఎవరూ తాగొద్దు. పారబొయ్యి. నువ్వు అసలే తాగొద్దు.”

“ఇయ్యాల పొద్దున్న తాగీసినాను గదప్పా,” అంది.

1,622వ రోజు

గౌరీశం గారు ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని కొండెక్కి వచ్చాడు. అరవై ఏళ్ళ మనిషి, తలకి తువ్వాలు చుట్టుకున్నాడు. గడప దగ్గర కూలబడ్డాడు. మంచినీళ్ళిస్తే గ్లాసు వంక చూసి, “ఇవి ఏ నీళ్ళు?” అన్నాడు.

“వాన నీళ్ళు.”

తాగి, “గేటు తీసెయ్యమని కమిటీ సెప్పింది. నేను తీసెయ్యడానికే వచ్చాను. జనం ఊరుకోవడం లేదు,” అన్నాడు.

వాదించడం నాకు చేతకాదు. మరిగించిన మూడు గిన్నెలూ ఆయన ముందు పెట్టాను. ఏది ఏమిటో చెప్పాను. ఒకేలాంటి గ్లాసులు మూడు ఇచ్చాను. “నేను బయట కూర్చుంటాను. వీటిలో మీ ఇష్టం వచ్చినట్టు పొయ్యండి. ఏది ఎందులో పోశారో మీకే తెలియాలి. తరవాత పిలవండి.”

పిలిచాడు. లోపలికి వెళ్ళి తీగ అద్దాను. మూడో గ్లాసు పచ్చగా మండింది. అయొడైడ్ వేస్తే అదే పసుపైంది. “ఇదీ రెండో సొరంగం.” ఆయన గ్లాసులు పారబోశాడు. మళ్ళీ బయటికి పంపాడు.

రెండోసారి మొదటి గ్లాసూ, రెండో గ్లాసూ రెండూ పచ్చబడ్డాయి. “రెండింట్లోనూ అదే పోశారు.” ఆయనతో వచ్చినవాళ్ళు మొహాలు చూసుకున్నారు.

మూడోసారి చాలాసేపటికి పిలిచాడు. లోపలికి వెళ్ళి మూడు గ్లాసులూ చూశాను. ఒక్కొక్కదాన్ని రెండేసి సార్లు చూశాను. నేను పొరబడితే కిందికి విషం పోతుంది.

“దేనిలోనూ లేదు బాబూ.”

“మూడిట్లోనూ వాన నీళ్ళే పోశాను,” అన్నాడు గౌరీశం గారు. నెమ్మదిగా తువ్వాలు విప్పాడు. తల మీద అక్కడక్కడ అరచెయ్యంత మేర జుట్టు లేదు. “మా ఇంట్లో అందరికీ ఇదే. ఎండ వల్లే అనుకున్నాం. ఎండే అయితే బాగుండు అనుకున్నాం.”

గేటుకి తాళం వేసి, తాళంచెవి నాకిచ్చి దిగిపోయాడు. వెళ్ళేముందు, “తాగినోళ్ళకి ఇప్పుడేటి దారి?” అని అడిగాడు. చూస్తానన్నాను.

1,624వ రోజు

దారి పుస్తకంలోనే ఉంది. థాలియం వాక్యం దగ్గర భయపడి మూసేసిన పేజీ వెనక వైపు. ప్రష్యన్ బ్లూ అనే రంగు మింగితే అది పేగుల్లో ఆ లోహాన్ని పట్టుకుని బయటికి తీసుకుపోతుందట. కింద ఆస్పత్రి డాక్టరమ్మని అడిగితే ఆమె దగ్గరున్న పాత వైద్య గ్రంథంలో కూడా అదే ఉందని చెప్పింది. ఎంత ఇవ్వాలో కూడా ఉంది. మందు మాత్రం ఎక్కడా లేదు.

నా అలమారలో పసుపు పలుకుల సీసా ఉంది. ఇనుముని కనిపెట్టడానికి వాడే ఫెర్రోసయనైడ్. నాలుగున్నరేళ్ళలో చుక్కలు చుక్కలుగా వాడాను కాబట్టి రెండు కిలోలు మిగిలింది. పాత ఇనప గొట్టాల తుప్పు గీకి ఆమ్లంలో కరిగించాను. రెండూ కలిపితే చాలు. బకెట్ నిండా ముదురు నీలం. ఇంతకాలం ఒక చుక్క కనిపిస్తే చాలనుకునే రంగు ఇప్పుడు మోచేతుల దాకా ఉంది.

1,627వ రోజు

వాన నీళ్ళతో పదిసార్లు కడిగి, గుడ్డలో పిండి, నీడన ఆరబెట్టాను. నా తొట్టి సగానికి పడిపోయింది. మొదటి డబ్బా ఇవాళ బుట్టలో దింపాను.

ఎనిమిదింటికి ఫోను మోగింది. “నూకాలూ, మందు వస్తోంది,” అన్నాను.

“నేను సింహాద్రినండి, నూకాలమ్మ బదులు నీళ్ళు వదులుతున్నాను. ఆవిడ ఆస్పత్రిలో ఉంది. నీళ్ళు శుద్ధమేనా?”

“మొదటి సొరంగం శుద్ధం. ఆమెకి ఎలా ఉంది?”

“నాకు తెలీదండి,” అని పెట్టేశాడు.

1,633వ రోజు

ముగ్గురు పోయారు. ఇద్దరు పెద్దవాళ్ళు, ఒక తొమ్మిదేళ్ళ పిల్ల. మందు అందేసరికే ఆలస్యమైపోయిందని డాక్టరమ్మ చెప్పింది. ఆ పిల్ల ఏ వీధి అని అడగలేకపోయాను.

రెండో సొరంగం తెరిచినప్పటి నించి నేను ‘శుద్ధం’ అని రాసిన ముప్పై అయిదు పేజీలు చింపకుండా నకలు తీసి బుట్టలో పంపాను. ఊరి సభలో చదవమని గౌరీశం గారికి చీటీ రాశాను. చదివారట. ఎవరూ నన్ను తిట్టలేదట. తిడితే బాగుండేది.

1,640వ రోజు

నీలం చేస్తున్నాను. కడుగుతున్నాను. ఆరబెడుతున్నాను. చేతులు నీలంగా ఉన్నాయి, దుప్పటి నీలంగా ఉంది.

సింహాద్రి ఫోనులో రెండే మాటలు మాట్లాడతాడు. పాపం, మంచివాడే. అయితే పెట్టేశాక రోజంతా నా గొంతు నేను వినను. ఇవాళ పరీక్ష గొట్టంతో పైకే మాట్లాడాను. “ఏముంది నీలో?” అని అడిగి, ఎవరైనా విన్నారేమోనని తలుపు వైపు చూశాను. తలుపు తెరిచే ఉంది. బయట కొండ తప్ప ఏమీ లేదు.

నూకాలు ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఆమె పొడుగో పొట్టో తెలియదు. ఆమెకి టీలో బెల్లం ఇష్టమని తెలుసు, మొగుడు పడవ మీద పోయి రాలేదని తెలుసు, వానొస్తే పాత దెబ్బ తగిలిన మోకాలు లాగుతుందని తెలుసు. నాలుగున్నరేళ్ళలో ఇంత తెలిసిన మనిషి నాకు ఇంకెవరూ లేరు. ఆ మనిషికి విషం తాగమని రోజూ చెప్పింది నేనే.

1,652వ రోజు

డాక్టరమ్మ దగ్గరికి లైను కలిపించుకున్నాను. “మీ నీలం మందు పనిచేస్తోంది. కొత్తగా ఎవరూ రావట్లేదు. నూకాలమ్మ బతుకుతుంది. కాళ్ళు మాత్రం ఎంతవరకు తిరిగొస్తాయో చెప్పలేను,” అంది.

“ఒక్కసారి ఫోను ఇవ్వరూ?”

“మంచం దగ్గరికి తీగ రాదమ్మా.”

ఫోను పెట్టేసి వానతొట్టి పక్కన చాలాసేపు కూర్చున్నాను. ఏడ్చాను. తరవాత గుడ్డలు పిండాను.

1,668వ రోజు

గౌరీశం గారు ఫోను చేశాడు. ఈసారి గొంతులో మొహమాటం ఉంది. “కన్నుకి పదమూడోది నేర్పించడానికి మనుషులొస్తన్నారు. సభలో ఒకావిడ లేచి, మరి పద్నాలుగోది వస్తేనో అని అడిగింది. అందుకని పైన ఇద్దరు మనుషులుండాలని తీర్మానం రాశాం. ఒకరు గ్లాసులు మార్చాలి, ఒకరు పరీక్ష చెయ్యాలి. రోజూ.”

“రెండో మనిషి ఎవరు బాబూ?”

“అడిగినావిడే. నీలం మందు తింటానే మంచం మీంచి లేచొచ్చి అడిగింది.”

1,671వ రోజు

నలుగురు మనుషులు డోలీలో మోసుకొచ్చారు. వాకిట్లో దింపారు. చిన్న మనిషి. చామనచాయ, మొహం నిండా కళ్ళు. తల మీద అప్పుడప్పుడే నూగు వస్తోంది. రెండు చేతికర్రలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని నన్ను ఎగాదిగా చూసింది.

“నువ్వేనా అప్పా? ఇంత సన్నగా ఉన్నావేటి! గొంతు వింటే లావుపాటి మనిషివనుకున్నాను.”

ఎన్నో రోజులుగా చెప్పాలనుకున్న మాట ఒకటుంది. “నూకాలూ, ఆ నీళ్ళు…” అన్నాను.

“తెలుసప్పా. సభలో నీ కాయితాలు సదివారని ఆస్పత్రిలో డాక్టరమ్మ సెప్పింది. కోపం రాలేదని అనను. వొచ్చింది. పక్కింటి గుంట పోయిన రోజు నీకు ఫోను సేసి తిడదామనుకున్నాను. లెగలేకపోయాను.” ఒళ్ళో చేతికర్రలు సర్దుకుంది. “తన తప్పు సూపించే ముప్పై అయిదు కాయితాలు ఏ మనిషీ అలా పంపించుకోడు. ఇప్పుడు నన్ను లెగదియ్యి. కాళ్ళు మండిపోతన్నాయి.”

లేపాను. బరువు లేదు. లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, చన్నీళ్ళలో పాదాలు ముంచాను.

1,674వ రోజు

ఇవాళ నూకాలు గ్లాసులు మార్చింది. నేను బయట కూర్చున్నాను. లోపల చేతికర్రల చప్పుడు, గ్లాసుల చప్పుడు. మూడూ సరిగ్గానే చెప్పాను. పరీక్ష కోసం దాచిన రెండో సొరంగం నీళ్ళలో తప్ప పచ్చ ఎక్కడా లేదు.

తరవాత తీగ ఆమె చేతికిచ్చాను. మొదటి సొరంగం నీళ్ళ మడ్డిలో అద్ది మంటలో పెట్టింది. ఉప్పు పసుపు అడ్డం వస్తుంది కాబట్టి నీలం గాజు ముక్క కళ్ళకి అడ్డంగా పట్టుకోమన్నాను. పట్టుకుంది.

“ఏం రంగు?”

“ఆగాగు.” మళ్ళీ అద్దింది. ముక్కు గాజుకి ఆనించి చూసింది.

“పొటాషియం అది. ఏమీ చెయ్యదు, మంచిదే. పుస్తకంలో లేత ఊదా అని ఉంటుంది,” అన్నాను.

“పుస్తకం రాసినోడు సరిగ్గా సూళ్ళేదప్పా. ఇది వంగపువ్వు రంగు. తెల్లారి కోసినప్పుడు ఉంటంది సూడు, అది.”

గాజు తీసుకుని నేనూ చూశాను. నిజమే.

రోజూ సంతకం పెట్టే పుస్తకంలో ‘లేత ఊదా’ అని నేను అప్పటికే రాసిన మాట కొట్టేసి ‘వంగపువ్వు’ అని రాశాను. కింద సంతకం పెట్టమని ఆమెకిచ్చాను. వేళ్ళకి ఇంకా పట్టు రాలేదు. పెద్ద పెద్ద అక్షరాలతో, నాలిక కరుచుకుని, చాలాసేపు రాసింది. ఆమె పేరు ఆమె గడి దాటి నా గడిలోకి వచ్చేసింది. నా సంతకం పెట్టడానికి చోటు మిగల్లేదు. పక్కన మార్జిన్‌లో పెట్టుకున్నాను.